పది మందితో లండన్‌లో ఒక శనివారం

ఇంగ్లండ్‌లో లెస్టర్, కొవెంట్రీ, బర్మింగ్‌హామ్ వైపు చదవడానికి మనవాళ్లు సెప్టెంబర్‌లో దిగుతారు, నెల తిరక్కముందే "అన్నా, లండన్ ఎప్పుడు పోదాం" అని మొదలుపెడతారు. నేను ఇప్పటికి ఐదారు సార్లు జూనియర్లను తీసుకెళ్లాను. మొదటిసారి పొద్దున్నుంచి రాత్రి దాకా పదకొండు చోట్లకు తిప్పాను, వారం తర్వాత ఎవరిని కదిపినా బిగ్ బెన్ గడియారం ముందు దిగిన ఫోటో తప్ప ఇంకేమీ గుర్తులేదు. అప్పటి నుంచి రోజుకు నాలుగు చోట్లే పెట్టుకుంటున్నాను, అందులో ఒకటి మాత్రం ఎప్పుడూ మారదు: బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలున్న గది. లండన్ దాకా వచ్చిన తెలుగు విద్యార్థులు ఆ గది చూడకుండా వెనక్కి వెళ్లిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. కాబట్టి ఈ రోజు మొత్తాన్ని ఆ గది చుట్టూనే అల్లాను.

ముందు మనుషుల లెక్క. ఎనిమిది నుంచి పది మంది సరైన సంఖ్య. పన్నెండు దాటితే రోడ్డు దాటడానికి, బాత్రూమ్‌ల దగ్గర ఒకరి కోసం ఒకరు ఆగడానికే రోజు సగం పోతుంది. అంతకంటే ఎక్కువ మంది వస్తామంటే రెండు జట్లుగా విడిపోయి, భోజనం దగ్గర కలుసుకోండి.

టికెట్ల సంగతి రెండు వారాల ముందే తేల్చుకోవాలి. 16-25 రైల్‌కార్డ్ ఉంటే ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. వయసు 26 దాటినా ఫుల్‌టైమ్ విద్యార్థి అయితే ఆ కార్డు ఇస్తారు, మాస్టర్స్‌కి వచ్చిన చాలామందికి ఈ విషయం తెలియక పూర్తి ఛార్జీ కట్టేస్తుంటారు. కార్డు లేనివాళ్లు ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి ప్రయాణిస్తే గ్రూప్‌సేవ్ అని చాలా రైలు కంపెనీల్లో అదే మూడో వంతు తగ్గింపు వస్తుంది, అయితే రద్దీ లేని వేళల్లోనే, పైగా రెండు తగ్గింపులూ ఒకే టికెట్ మీద కలవవు. పది మంది ఉంటే ఐదుగురు, ఐదుగురుగా తీసుకోండి. అదే దారిలో నెమ్మదిగా వెళ్లే రైళ్లకు విడిగా చౌక టికెట్లుంటాయి, అవి ఆ కంపెనీ రైళ్లలోనే చెల్లుతాయి, కాస్త ఆలస్యమైనా విద్యార్థులకు అవే మేలు. తిరుగు ప్రయాణానికి మాత్రం ఒకే రైలుకు కట్టిపడేసే అడ్వాన్స్ టికెట్ తీసుకోవద్దు. పది మందిలో ఒక్కరు ఐదు నిమిషాలు ఆలస్యమైనా పది టికెట్లూ పోతాయి, ఆఖరి గంటంతా టెన్షన్‌తోనే గడుస్తుంది. ఎక్కువ గంటలు చెల్లే ఆఫ్-పీక్ రిటర్న్ (రద్దీ లేని వేళల్లో వెళ్లి రావడానికి ఇచ్చే టికెట్) నాలుగు పౌండ్లు ఎక్కువైనా అదే తీసుకోండి.

శనివారం ఎందుకంటే క్లాసులుండవు, పొద్దున రైళ్లకు పీక్ ఛార్జీ, అంటే రద్దీ వేళల ఎక్కువ ఛార్జీ, బెడద కూడా ఉండదు. జనం ఎక్కువగా ఉంటారన్న మాట నిజమే. శుక్రవారం ఖాళీగా ఉండే బ్యాచ్ అయితే ఇంకా నయం, ఆ రోజు బ్రిటిష్ మ్యూజియం రాత్రి ఎనిమిదిన్నర దాకా, చిత్రాలుండే నేషనల్ గ్యాలరీ తొమ్మిది దాకా తెరిచి ఉంటాయి. క్లాసు ఎగ్గొట్టి మాత్రం రావద్దు, వీసా మీద ఉన్నవాళ్లకు హాజరు చిన్న విషయం కాదు.

వారం ముందు చేయాల్సిన అసలు పని ఇంకొకటుంది. ఒక్కొక్కరికి ఒక్కో వస్తువు అప్పగించండి. ఒకరికి అమరావతి స్తూపం పలక, ఒకరికి బుద్ధపాదాలు, ఒకరికి రోసెట్టా రాయి, ఒకరికి నేషనల్ గ్యాలరీలో ఒక బొమ్మ, ఒకరికి పార్లమెంట్ స్క్వేర్, ఒకరికి రాత్రి చూడబోయే నాటకం కథ. దాని ముందు నిలబడి ఐదు నిమిషాలు తెలుగులో చెప్పాలి, అంతే. పేపర్ చూసి చదవకూడదని ఒక్క నియమం పెట్టండి. మెకానికల్ చదివే కుర్రాడొకడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, రోసెట్టా రాయి దగ్గర ఒకే విషయాన్ని మూడు లిపుల్లో చెక్కడం వల్ల ఈజిప్టు బొమ్మల లిపిని ఎలా చదవగలిగారో చెబుతుంటే పక్కన నిలబడ్డ ఇంకో తెలుగు కుటుంబం కూడా ఆగి విన్నారు. ఈ పద్ధతి పెట్టాక మ్యూజియంలో ఎవరూ ఫోన్ పట్టుకుని మూలన కూర్చోవడం నేను చూడలేదు.

బ్రిటిష్ మ్యూజియం ప్రవేశం ఉచితం, కానీ ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకుంటే లైన్‌లో నిలబడే బాధ తగ్గుతుంది. పెద్ద గుంపుగా వెళ్తే తప్పకుండా బుక్ చేయండి. చక్రాల సూట్‌కేసులు లోపలికి రానివ్వరు. అమరావతి గది నంబర్ 33ఏ. కొన్ని గదులను ఒక్కోసారి మూసి ఉంచుతారు కాబట్టి బయలుదేరే ముందు రోజు వెబ్‌సైట్లో ఒకసారి చూసుకోండి.

ఇక రోజు. బర్మింగ్‌హామ్, కొవెంట్రీ రైళ్లు యూస్టన్‌లో దిగుతాయి, లెస్టర్ రైలు సెయింట్ పాంక్రస్‌లో. రెండూ మ్యూజియానికి నడిచివెళ్లే దూరమే, ఇరవై ఐదు నిమిషాలు. దిగగానే అలవాటుగా ట్యూబ్ (భూగర్భ రైలు) మెట్లు దిగొద్దు, నడవండి, ఎందుకంటే దారిలో టావిస్టాక్ స్క్వేర్ వస్తుంది. ఆ చిన్న పార్కు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్న గాంధీ కంచు విగ్రహం ఉంది, 1968లో పెట్టారు. లా చదవడానికి 1888లో లండన్ వచ్చినప్పుడు ఆయనకు దాదాపు పందొమ్మిదేళ్లు, పక్కనే ఉన్న యూనివర్సిటీ కాలేజ్‌లో చదివాడు. దిమ్మెలో పూలు పెట్టడానికి ఒక గూడు ఉంటుంది, ఎవరో ఒకరు పెట్టే ఉంటారు. అదే పార్కులో హిరోషిమా మృతుల జ్ఞాపకంగా నాటిన చెర్రీ చెట్టు కూడా ఉంది. ఇక్కడ పది నిమిషాలు కూర్చోండి. ఇల్లు విడిచి వచ్చి నెల కూడా కాని పిల్లలకు, శాకాహార భోజనం కోసం ఈ వీధుల్లో వెతుక్కుంటూ తిరిగిన ఇంకో విద్యార్థి కథ చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

అక్కడి నుంచి రసెల్ స్క్వేర్ దాటితే మ్యూజియం వెనక వైపు, మాంటేగ్ ప్లేస్‌లో ఒక ద్వారం ఉంటుంది. అది తెరిచి ఉంటే అటు నుంచే వెళ్లండి. ముందు గేటు దగ్గరంత జనం ఉండరు, పైగా 33వ గది అటు నుంచే దగ్గర. అది పొడవాటి పెద్ద హాలు, ఒక సగం చైనా, ఇంకో సగం మన ఉపఖండం. మన వైపు చివరికి, 33ఏకి, వెళ్తే అద్దాల వెనక తెల్లగా, లేత బూడిద రంగులో గోడ పొడవునా కనబడేవే అమరావతి శిల్పాలు. ఇంగ్లిషులో వీటిని 'మార్బుల్స్' అని పిలిచే అలవాటుంది కానీ అది పాలరాయి కాదు, మన పలనాటి సున్నపురాయి.

ఈ గదికి గంట కేటాయించండి. కథ కాస్త ముందే చెప్పి లోపలికి తీసుకెళ్తే బావుంటుంది. కృష్ణ ఒడ్డున ధరణికోట పక్కన రెండు వేల ఏళ్ల క్రితం వెలిసిన మహాచైత్యం, శాతవాహనుల కాలంలో గొప్పగా వెలిగి, తర్వాత మట్టి కప్పుకుని ఊరివాళ్లకు దీపాలదిన్నెగా మిగిలింది. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తూ రాళ్ల కోసం దిబ్బ తవ్విస్తే శిల్పాలు బయటపడ్డాయి. కబురు విని ఈస్ట్ ఇండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకెంజీ వచ్చి చూశాడు, మళ్లీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో ఓడ ఎక్కి లండన్ వచ్చాయి, 1880లో ఈ మ్యూజియం చేతికి అందాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. ఊళ్లో ఇప్పుడు ఆ దిబ్బ అడుగు భాగం, ఒక చిన్న మ్యూజియం. గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి ఒకసారి "మా ఇంటికి గంట దూరం, నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు అక్కడికి" అని ఆ అద్దం ముందు చాలాసేపు నిలబడిపోయింది.

ఏం చూడాలంటే, ముందు స్తూపం బొమ్మ చెక్కిన పలక దగ్గరకు వెళ్లండి. కూలిపోయిన ఆ కట్టడం నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో దాని మీదే చెక్కి పెట్టారు: అండం (గుండ్రటి గుమ్మటం), చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ముందుకు పొడుచుకొచ్చిన వేదిక మీద ఐదు ఆయక స్తంభాలు. ఈ ఒక్క పలక అర్థమైతే గదిలో మిగతా ముక్కలు ఏది ఎక్కడ ఉండేదో పిల్లలే చెప్పేస్తారు. అదే రాయికి రెండో వైపు ఇంకా పాత శిల్పం ఉంది, బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపని రోజుల్లో చెక్కింది, తర్వాతి తరం అదే రాయిని తిప్పి రెండో ముఖం మీద కొత్తగా చెక్కుకుంది. బుద్ధపాదాల పలక కూడా ఆ ఆలోచన నుంచి వచ్చిందే. స్తంభాల మీద విచ్చుకున్న పద్మాలను దగ్గరగా చూడండి, రేకు రేకుకూ గీత వేరుగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో పూర్ణఘటం ఈ అమరావతి శిల్పకళ నుంచి తీసుకున్నదే. అమరావతి శాసనాల్లో కనబడిన 'నాగబు' అన్న మాటను తెలుగు తొలి పదాల్లో ఒకటిగా మన పండితులు చెబుతారు, అది కూడా ఇక్కడే చెప్పండి.

ఈ రాళ్లు ఎవరి దగ్గర ఉండాలి అన్న చర్చ తప్పకుండా వస్తుంది, రానివ్వండి. మా బ్యాచ్‌లో ఇద్దరు ఆ రోజు రైలెక్కేదాకా దాని మీదే వాదించుకున్నారు. నా మటుకు నాకు, కృష్ణ ఒడ్డున ఆ దిబ్బ పక్కన వీటిని ఒక్కసారైనా కలిపి చూడాలని ఉంది. లోపల మాత్రం గొంతు తగ్గించి మాట్లాడండి, ఐదుగురు ఐదుగురుగా నిలబడండి, మన వెనక ఇంకొకరు చూడటానికి ఆగి ఉంటారు.

అమరావతి తర్వాత ఒక గంటలో రోసెట్టా రాయి, ఇంకేదైనా ఒక గది. మ్యూజియం మొత్తం చూద్దామనుకోవద్దు, అది వారం పని. బయటికి వచ్చేటప్పుడు గ్రేట్ కోర్ట్‌లో గాజు కప్పు కింద ఆగండి, మధ్యలో ఉన్న గుండ్రటి కట్టడం 1857లో తెరిచిన పాత చదువుల గది. లండన్‌లో విద్యార్థిగా ఉన్న రోజుల్లో అంబేద్కర్ గంటల తరబడి కూర్చుని చదివిన గది అదే. ఆయన 1921-22లో అద్దెకున్న ఇల్లు కింగ్ హెన్రీస్ రోడ్‌లో మ్యూజియంగా ఉంది, చాక్ ఫార్మ్ ట్యూబ్ స్టేషన్ దగ్గర. నాటకం వద్దనుకున్న రోజు మధ్యాహ్నం అక్కడికి వెళ్లండి, తెరిచే వేళలు ముందు చూసుకుని.

భోజనం ఇంటి నుంచే తెచ్చుకోండి. పులిహోర, పెరుగన్నం, చపాతీలో ఆలూ కూర, ఏదైనా సరే. రసెల్ స్క్వేర్ బెంచీల మీద పది మంది డబ్బాలు విప్పి పంచుకుని తింటే వచ్చే తృప్తి వేరు, మనిషికి పది పన్నెండు పౌండ్లు మిగులుతాయి కూడా. పావురాలు దగ్గరికి వస్తాయి, మెతుకులు వేయొద్దు. వాన పడితే సూపర్‌మార్కెట్ మీల్ డీల్ (శాండ్‌విచ్, చిరుతిండి, డ్రింకు కలిపి ఒకే ధరకు ఇచ్చేది) తీసుకుని ఎక్కడైనా చూరు కింద తినేయాలి. దోసె, ఇడ్లీ లేకపోతే నడవనివాళ్లకు యూస్టన్ పక్కన డ్రమ్మండ్ స్ట్రీట్‌లో భారతీయ హోటళ్లున్నాయి.

తిన్నాక ట్రఫాల్గర్ స్క్వేర్‌కి నడకే, ఇరవై నిమిషాలు. ట్యూబ్ ఎందుకు వద్దంటున్నానంటే, ఊరు నేల మీద ఉంది, కింద సొరంగంలో తిరిగితే ఏది దేని పక్కన ఉందో ఎప్పటికీ తెలియదు. అలసిపోతే బస్సెక్కండి. లండన్ బస్సుల్లో నోట్లు, చిల్లర తీసుకోరు, కార్డు లేదా ఫోన్ ఆనించాలి, గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకటే ఛార్జీ. ఒక కార్డుతో ఇద్దరు ప్రయాణించడం కుదరదు, ఎవరిది వారికుండాలి. పొద్దున కార్డు వాడి సాయంత్రం ఫోన్ ఆనిస్తే వాటిని ఇద్దరు మనుషులుగా లెక్కేస్తారు, రోజుకు ఇంతకు మించి తీసుకోమన్న పరిమితి అప్పుడు పనిచేయదు. రోజంతా ఒకటే వాడండి.

ట్యూబ్ ఎక్కాల్సి వస్తే ఒక్క నియమం అందరూ కంఠతా పట్టాలి. తలుపులు మూసుకుని ఎవరైనా ప్లాట్‌ఫామ్ మీద మిగిలిపోతే, రైలెక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి, మిగిలిపోయినవాళ్లు వెంటనే వచ్చే రైలెక్కి అక్కడ కలవాలి. కింద అన్నిచోట్లా సిగ్నల్ ఉంటుందని నమ్ముకోవద్దు. ఈ మాట ముందుగా చెప్పని ఒక ట్రిప్‌లో ఇద్దరు పిల్లలు ఒకరినొకరు వెతుక్కుంటూ ముప్పావు గంట అటూ ఇటూ తిరిగారు. గుంపుకు ముందు ఒకరు, చివర ఒకరు ఉండాలి, చివరి మనిషి కనబడకుండా ముందు మనిషి రోడ్డు దాటకూడదు. ఎస్కలేటర్ మీద కుడి పక్కన నిలబడండి, ఎడమ పక్క నడిచేవాళ్లది. ఇంకొకటి, ఫోన్లు. రోడ్డు అంచున నిలబడి మ్యాప్ చూస్తుంటే వెనక నుంచి సైకిల్ మీద వచ్చి లాక్కుపోవడం లండన్‌లో మామూలైపోయింది. మ్యాప్ చూడాలంటే గోడ వైపు తిరిగి చూడండి.

నేషనల్ గ్యాలరీ కూడా ఉచితమే. 2024 చివర్లో భద్రత కోసం నీళ్ల సీసాలు, జ్యూసుల వంటివి లోపలికి తేవొద్దన్నారు, కాబట్టి సీసా ఖాళీ చేసుకుని వెళ్లడం మంచిది. ఇక్కడ గంట చాలు, మూడే బొమ్మలు. వాన్ గో పొద్దుతిరుగుడు పూలు ఎలాగూ అందరూ చూస్తారు. టర్నర్ 1839లో వేసిన 'ఫైటింగ్ టెమరేర్', ముసలి యుద్ధనౌకను చిన్న పొగ పడవ లాక్కెళ్లే బొమ్మ, ముందు బెంచీ మీద కూర్చుని చూడండి. మూడోది హోల్బైన్ 1533లో వేసిన 'అంబాసడర్స్'. ఇద్దరు దర్జా మనుషుల కాళ్ల దగ్గర అడ్డంగా సాగదీసినట్టు ఏదో ఆకారం ఉంటుంది. బొమ్మకు కుడి పక్కన, గోడకు దాదాపు ఆనుకుని చూస్తే అది పుర్రె అని తెలుస్తుంది. ముందుగా చెప్పకండి, ఒక్కొక్కరినీ ఆ మూలకు పంపి వాళ్ల ముఖాలు చూడండి.

అక్కడి నుంచి వైట్‌హాల్ మీదుగా నేరుగా పార్లమెంట్ స్క్వేర్. గుర్రాల మీది సిపాయిలు, ప్రధాని వీధి గేటు దారిలోనే వస్తాయి, ఫోటోలు తీసుకుని కదలండి. స్క్వేర్‌లో 2015లో పెట్టిన గాంధీ విగ్రహం ఉంది. ఆయన్ను ఫకీరని ఎగతాళి చేసిన చర్చిల్ విగ్రహం కూడా అదే పచ్చికకు ఇంకో పక్క. పొద్దున చూసింది ధ్యానంలో కూర్చున్న గాంధీ, ఇక్కడ శాలువా కప్పుకుని నిలబడ్డ గాంధీ.

వెస్ట్‌మినిస్టర్ అబ్బే టికెట్ విద్యార్థులకు భారమే. అయితే సాయంత్రం జరిగే ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు ఎవరైనా ఉచితంగా వెళ్లి కూర్చోవచ్చు, ఏ మతం వారైనా. మామూలు రోజుల్లో ఐదింటికి ఉంటుంది, శని, ఆదివారాల్లో వేళ మారుతుంటుంది, చూసుకుని అరగంట ముందు వెళ్లండి. 1066 నుంచి రాజులకు పట్టాభిషేకం జరుగుతున్న ఆ చర్చిలో, రాతి కప్పు కింద బృందగానం పైకి లేచినప్పుడు ఒళ్లు గగుర్పొడుస్తుంది. సమాధులు తిరిగి చూడటం, ఫోటోలు తీయడం కుదరదు. మధ్యలో లేచి రావడం మర్యాద కాదు, కదలకుండా కూర్చోలేనివాళ్లు బయట నది దగ్గర ఆగితే మంచిది.

ఏప్రిల్ చివరి నుంచి అక్టోబర్ దాకా అయితే రాత్రికి షేక్‌స్పియర్ గ్లోబ్ నాటకశాల. పాత నాటకశాల 1599 నాటిది, 1613లో కాలిపోయింది. ఇప్పుడున్నది దాని నమూనాలో కట్టి 1997లో తెరిచింది, పైన గడ్డి కప్పు. వేదిక ముందు నిలబడి చూసే టికెట్లు అన్నిటికంటే చౌక, అవే తీసుకోండి, డబ్బు కోసమే కాదు. నటులు జనం మధ్య నుంచి నడిచి వస్తారు, మన ముఖంలోకి చూసి మాట్లాడతారు, దీపాలు ఆర్పరు. చిన్నప్పుడు ఊళ్లో వీధి భాగవతం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఆ ఇంగ్లిష్ అర్థం కాదని భయపడకండి, కథ ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిస్తే చాలు, అందుకే ఒకరికి ఆ కథ అప్పగించమన్నాను. నిలబడే చోట కూర్చోనివ్వరు, గొడుగు తెరవనివ్వరు, వాన పడితే తడుస్తూనే చూడాలి. రెయిన్‌కోటు, మెత్తటి బూట్లు తప్పనిసరి. అబ్బే నుంచి సౌత్ బ్యాంక్ (థేమ్స్ నది దక్షిణపు ఒడ్డు) వెంబడి నడిస్తే నలభై నిమిషాలు, మధ్యలో ఒక గంట కాళ్లు చాపుకుని కూర్చుని ఏదైనా తినండి, లేకపోతే ఇంటర్వెల్‌కే సగం మంది వాడిపోతారు.

డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది, అప్పుడు గ్లోబ్ ఆరుబయట ఆటలుండవు. చలికాలం వెళ్తే క్రమం తిప్పండి: మ్యూజియం నుంచి నేరుగా పార్లమెంట్ స్క్వేర్‌కి వెలుతురుండగా వెళ్లి, తర్వాత గ్యాలరీలోకి దూరండి.

నాటకం అయ్యాక లండన్ బ్రిడ్జ్ స్టేషన్ పది పన్నెండు నిమిషాల నడక. అక్కడ ట్యూబ్‌లో నార్తర్న్ లైన్ రైలు, బ్యాంక్ స్టేషన్ మీదుగా వెళ్లేది ఎక్కితే మారకుండా కింగ్స్ క్రాస్ (సెయింట్ పాంక్రస్ పక్కనే), యూస్టన్ చేరతారు. శనివారం రాత్రి ఆఖరి రైలు మామూలు రోజులకంటే ముందే ఉండొచ్చు, పైగా ట్రాక్ పనులుంటే రైలు బదులు బస్సు వేస్తారు. టికెట్ తీసుకునేటప్పుడే అది చూసి, ఇంటర్వెల్‌లో బయటపడాలా, చివరిదాకా ఉండొచ్చా అన్నది పొద్దున్నే అందరికీ చెప్పేయండి. రైలెక్కాక తలలు లెక్కపెట్టి, రేపు పొద్దున లోపు తమకు అప్పగించిన వస్తువు ఫోటో ఒకటి, దాని గురించి రెండు వాక్యాలు గ్రూపులో పెట్టమనండి. వచ్చే ఏడాది బ్యాచ్‌కి అవే పంపుతాను నేను.